చుక్క ఎటు పెట్టారు

జూలై 3, సోమవారం

ఈ నోటుబుక్కు వోల్టేజీలు రాసుకోవడానికి కొన్నది. వెనక పేజీల నుంచి మొదలుపెడుతున్నాను. ముందు పేజీలు రోవెలిన్ అప్పుడప్పుడూ వచ్చి తిరగేస్తుంటుంది.

పొద్దున్నే ఒక లాప్‌టాప్ వచ్చింది. గిమరాస్ దీవి నుంచి ఒకావిడ పడవలో తెచ్చింది. పేరు బేబింగ్, నలభై అయిదేళ్ళుంటాయి. తువ్వాల్లో చుట్టి, పసిపిల్లను ఎత్తుకున్నట్టు ఎత్తుకొచ్చింది. స్విచ్చి నొక్కితే దీపం కూడా రావడం లేదు. ఏప్రిల్లో చెడితే రోవెలిన్ బాగుచేసిందట. ఇవాళ రోవెలిన్ దుకాణం మూసుంది. వాళ్ళమ్మకి ఒంట్లో బాగాలేదని ఆంటీక్ వెళ్ళింది. అందుకని మూడు దుకాణాలు దాటి నా దగ్గరికొచ్చింది.

"ఆ అమ్మాయికి పని నేర్పింది మీరేనటగా, మనోంగ్ గిల్డో" అంది. అవునన్నాను. అందరిలాగే ఆమె కూడా నన్ను అన్నని చేసి మనోంగ్ అనేసింది.

విప్పి చూశాను. పంతొమ్మిది వోల్టుల్ని మూడు వోల్టులకి దించే చిప్పు పోయింది. మిరియపు గింజంత ఉంటుంది. అలాంటివి ఇరవై ఆరేళ్ళలో ఎన్ని మార్చానో లెక్కలేదు. మార్చాను. కరెంటిచ్చాను.

బోర్డు లేవలేదు. వచ్చేసరికే లోపలంతా పోయి ఉంది.

ఆమెతో అదే చెప్పాను. ఎలా పోయిందని అడిగింది. ఈ చోట ఇంతకు ముందు ఎవరో చెయ్యిపెట్టారమ్మా అన్నాను. రోవెలినేనా అంది. నేనెవరి పేరూ చెప్పనన్నాను. అది నిజమే. ఎవరి పేరూ చెప్పలేదు.

మెట్ల దగ్గర చార్జర్లు అమ్మే పిదోంగ్ అంతా వింటూనే ఉన్నాడు.

ఏమైనా తోస్తే చూడండని చెప్పి లాప్‌టాప్ నా దగ్గరే వదిలి వెళ్ళింది. నేను పైసా తీసుకోలేదు.

జూలై 4

రోజంతా వాన. ఒక్కరూ రాలేదు. ఆ బోర్డు వచ్చేసరికే పోయి ఉంది.

జూలై 5, బుధవారం

రోవెలిన్ ఊరినుంచి వచ్చింది. వాళ్ళమ్మకి నయమేనట. నాకోసం అరిటాకులో చుట్టిన తీపన్నం తెచ్చింది. నేను తింటుంటే పక్కనే స్టూలు మీద కూర్చుని, గిమరాస్ ఆవిడ బోర్డు సంగతి విన్నాను మాస్టారూ అంది. పిదోంగ్ చెప్పాడట. ఏప్రిల్లో తను మార్చింది చార్జింగు వైపున్న చిన్న భాగమనీ, ఈ చిప్పు జోలికి తను పోలేదనీ అంది. గొంతులో కోపం లేదు. తన పనిలో తప్పెక్కడ జరిగిందో తెలుసుకోవాలని వచ్చింది, అంతే.

"బోర్డు ఒకసారి చూస్తాను మాస్టారూ."

ఆవిడే పట్టుకెళ్ళిందన్నాను.

బోర్డు మా ఇద్దరి మోకాళ్ళకి ఎదురుగా, సొరుగులో ఉంది. దానికి చుట్టిన తువ్వాలు కూడా ఆవిడదే. కొసమీద నీలం దారంతో ఏవో అక్షరాలు కుట్టి ఉన్నాయి.

సరేలెండి అని లేచింది. ఆకు మడిచి తనే చెత్తబుట్టలో వేసింది. నేను ఆ బుట్టలోకి తొంగి చూశాను. అందులో ఆ ఆకు తప్ప ఏమీ లేదు. సోమవారం చెత్త సోమవారమే పోయింది.

జూలై 6

లూదింగ్ పొద్దున ఎండుచేప వేయించి, వెనిగర్ గిన్నెలో పొయ్యమంది. పోశాను. అది వెనిగర్ కాదు, చేపలు ఊరబెట్టిన ఉప్పు నీళ్ళు. రెండూ పక్కపక్కనే ఉంటాయి, సీసాలూ ఒకలాంటివే. పెళ్ళయి ముప్ఫై ఏళ్ళయ్యాక ఇప్పుడు నన్ను ఉప్పుతో చంపాలని చూస్తున్నావా అని నవ్వింది. నేనూ నవ్వాను. కళ్ళద్దాలు తుడుచుకోమంది. తుడిచాను. తుడిస్తే పోయేది కాదు.

జూలై 8, శనివారం

హారో పేట వైపు ఒక హైస్కూలుంది. అక్కడి కంప్యూటర్లన్నీ ఏడాదిపాటు చూసుకునే పని రోవెలిన్‌కి ఇద్దామనుకున్నారు. ఆ టీచరు ఇవాళ వచ్చి మెట్ల దగ్గర పిదోంగ్‌తో చాలాసేపు మాట్లాడాడు. తర్వాత నా దగ్గరికొచ్చాడు. మనోంగ్, మీరు పెద్దవారు, ఆ అమ్మాయి పని నమ్మొచ్చా అని అడిగాడు.

చెయ్యి బాగానే తిరిగింది, కాస్త తొందర ఎక్కువ అన్నాను.

అతను తలూపి, ఆమె దుకాణం వైపు వెళ్ళకుండానే మెట్లు దిగిపోయాడు.

ఇక రాయాల్సింది రాస్తాను. ఇక్కడా రాయకపోతే ఈ పుస్తకం ఎందుకు?

సోమవారం మధ్యాహ్నం మూడు గంటలు. బేబింగ్ కింద హోటల్లో బాచోయ్ సూపు తాగి వస్తానని వెళ్ళింది. పాత చిప్పు తీశాను. చోటు శుభ్రం చేశాను. కొత్త చిప్పు పటకారుతో పట్టుకున్నాను. ఆ చిప్పు నాలుగు పక్కలూ ఒకేలా ఉంటాయి, ఎటు తిప్పి పెట్టినా కూర్చుంటుంది. అందుకే ఒక మూల చిన్న చుక్క పెడతారు. బోర్డు మీదా ఒక చుక్క ఉంటుంది. రెండు చుక్కలూ ఒకే మూలకి రావాలి. పని నేర్చుకోవడానికి వచ్చినవాళ్ళకి మొదటిరోజు నేను చెప్పే పాఠం ఇదే.

మైక్రోస్కోపులో కళ్ళు పెడితే వెలుగంతా పాలు ఒలికినట్టు పరుచుకుంది. కుడికన్ను మూశాను. ఎడమకన్ను మూశాను. చుక్క కనబడింది.

కాదు. కనబడలేదు. కనబడిందని అనుకున్నాను. ఒకటి, రెండు నిమిషాలు చూసి, ఇటే అయ్యుంటుందని పెట్టేశాను. పక్కన రోవెలిన్ ఉండుంటే పిలిచేవాణ్ణేమో. పిలిచేవాణ్ణా? డిసెంబరు నుంచీ ఆమె పక్కనే ఉంది, ఒక్కసారి పిలవలేదు.

కరెంటివ్వగానే టప్పుమని చిన్న చప్పుడు, వాసన. మూడు వోల్టులు పోవాల్సిన దారిలో పంతొమ్మిదీ పోయాయి. ఆ దారిమీద ఏమేం ఉన్నాయో అన్నిటికీ తగిలాయి. ఫైళ్ళు దాచుకునే చిప్పు కూడా ఈ లాప్‌టాప్‌లో బోర్డుకే అతికించి ఉంటుంది. అదీ ఆ దారిమీదే ఉంది.

వెంటనే వేడిగాలి పెట్టి ఆ చిప్పు ఊడదీశాను. బుట్టలో వేసి, పైన కాగితాలు కప్పాను. బేబింగ్ మెట్లెక్కి వచ్చేసరికి బోర్డు శుభ్రంగా ఉంది.  

జూలై 10, సోమవారం

బేబింగ్ వచ్చింది. సంచీలో మామిడిపళ్ళు తెచ్చింది. ఈ ఏటికి ఇవే ఆఖరివి మనోంగ్, మీరు కూలి కూడా తీసుకోలేదు కదా అని బల్లమీద పెట్టింది.

ఆ యంత్రంలో ఏముందో ఇవాళ చెప్పింది. నేను అడగలేదు.

ఆమె భర్త నుల్ఫో సరుకు ఓడలో పనివాడు. కిందటేడు ఓడమీద బరువులు లాగే ఇనుపతాడు తెగి నడుముకి కొట్టింది. అప్పట్నుంచీ కాళ్ళు కదలవు. తాడు బాగానే ఉంది, అతనే తప్పుగా వాడాడని కంపెనీ అంటోంది. కానీ తెగడానికి రెండురోజుల ముందు నుల్ఫో ఆ తాడుని ఫొటోలు తీశాడు. పోగులు విడిపోయి, తుప్పుపట్టి ఉంది. తాడు తనిఖీ చేశాను, బాగుందని పనివాళ్ళ మేస్త్రీ, సరంగు, సంతకం పెట్టిన రిజిస్టరు పేజీ కూడా తీశాడు. సరంగు తాడు దగ్గరికే పోలేదట. ఫొటోలున్న ఫోను సముద్రంలో పోయింది. అప్పటికే పెన్‌డ్రైవులో వేసుకున్నాడు కాబట్టి ఇంటికొచ్చాక లాప్‌టాప్‌లో ఎక్కించారు. పెన్‌డ్రైవు చూసిస్తానని కంపెనీ మనిషి పట్టుకెళ్ళాడు. తర్వాత అడిగితే, నాకెవరూ ఏమీ ఇవ్వలేదే అన్నాడు.

ఇరవై నాలుగో తారీఖు లేబర్ ఆఫీసులో విచారణ.

"ఇంకేదైనా దారుందా మనోంగ్?" అంది.

చూస్తానన్నాను.

వచ్చేటప్పుడు మెట్ల దగ్గర రోవెలిన్ ఎదురైందట. గొంతు పెంచకుండానే, నీ తొందర వల్ల మా ఇల్లు మునిగిందమ్మా అని అందరి ముందూ అనేసిందట. అన్నాక తనకే బాధేసిందట. ఆ పిల్ల ఎదురు చెప్పలేదు, బోర్డు ఎక్కడుందని మాత్రం అడిగింది, మీ దగ్గరే ఉందని చెప్పాను అంది.

మామిడిపళ్ళు ఇంటికి తెచ్చాను. లూదింగ్ వాసన చూసి మురిసిపోయింది. నేను ఒకటి తిన్నాను. తియ్యగా ఉంది.

జూలై 11, మంగళవారం

పొద్దున్నుంచీ రోవెలిన్ వస్తుందని చూస్తున్నాను. రాలేదు. పదకొండింటికి ఇక రాదేమో అని ఊపిరి పీల్చుకునేసరికి వచ్చింది. స్టూలు మీద కూర్చోలేదు.

"బోర్డు మీ దగ్గరే ఉందట."

సొరుగు తీసి ఇచ్చాను. తువ్వాలు విప్పి, నా మైక్రోస్కోపు కిందే పెట్టి చూసింది. చాలాసేపు చూసింది. ఒక్కసారి ఫోకస్ తిప్పింది. మైక్రోస్కోపు మీద వంగిన ఆమె మెడ చూస్తూ నేను నిలబడ్డాను. పదకొండేళ్ళ క్రితం ఇలాగే వంగేది. అప్పుడు ఆమె వెనక నిలబడి తప్పులు చెప్పేవాణ్ణి.

"ఇక్కడ పెట్టిన చిప్పేది?"

"పారేశాను."

తల ఎత్తకుండానే అడిగింది. "చుక్క ఎటు పెట్టారు?"

ఎడమ మూల అనొచ్చు. కుడి మూల అనొచ్చు. ఏది చెప్పినా కాదనడానికి ఇప్పుడు చిప్పు లేదు. నోరు తెరిచాను.

"కనబడలేదు" అన్నాను.

అప్పుడు తలెత్తి చూసింది. నా కళ్ళలోకి చూసింది. మనిషిని చూసినట్టు కాదు, పాడైన భాగం చూసినట్టు.

"ఎన్నాళ్ళ నుంచి?"

"డిసెంబరు నుంచి."

"డిసెంబరు నుంచి ఎన్ని బోర్డులు చేశారు?"

 ఆమె బోర్డుని తువ్వాల్లో చుట్టుకుంది. ఇది నేను తీసుకెళ్తున్నాను, ఏమైనా మిగిలిందేమో చూస్తాను అంది. రెండడుగులు వేసి ఆగింది. నిన్న ఆవిడ అందరి ముందూ మాటలంటుంటే తను నోరెత్తలేదట. మా మాస్టారు అన్నారంటే నా తప్పే అయ్యుంటుంది అనుకుందట. రాత్రంతా ఏప్రిల్లో చేసిన పని గుర్తుచేసుకుంటూనే ఉందట.

"బేబింగ్‌కి మీరే చెప్పాలి మనోంగ్ గిల్డో. నేను చెబితే ఆవిడ మాటకి మాట అప్పగించినట్టుంటుంది."

మనోంగ్ గిల్డో అంది. అందరూ పిలిచేది అదే. ఆమె ఎప్పుడూ అలా పిలవలేదు.

జూలై 12

నోటుబుక్కు ముందు పేజీలు తిరగేశాను. డిసెంబరు నుంచి మళ్ళీ తిరిగొచ్చినవి ఐదు. ఒకదానికి పిడుగు కారణమన్నాను. ఒకదానికి ఇంటి కరెంటు బాగాలేదన్నాను. ఒకదానికి నకిలీ చార్జరు. మిగతా రెంటికీ ఏం చెప్పానో గుర్తులేదు.

జూలై 13

గాలివాన హెచ్చరిక. గిమరాస్ పడవలు ఆపి ఉంటారు.

రేవుకి ఫోన్ చేసి కనుక్కోలేదు.

జూలై 14

రేవుదాకా వెళ్ళాను. వరుస చాలా పొడుగ్గా ఉంది.

జూలై 15, శనివారం

రోవెలిన్ కబురు పంపింది. ఆమె దుకాణంలోకి వెళ్ళి ఎన్నాళ్ళయిందో. నాది చీకటిగా ఉంటుంది, ఆమెది తెల్లగా ఉంటుంది. బల్లమీద రెండు బోర్డులున్నాయి. ఒకటి బేబింగ్‌ది. రెండోది అదే రకం పాతది, పాతసామాన్ల దుకాణంలో వెతికి తెచ్చిందట.

ఫైళ్ళ చిప్పుకి ముందు ఆవగింజంత రక్షణ భాగమొకటి ఉంది. నేనిచ్చిన దెబ్బ అది కాసింది. అది మాడిపోయింది. దాని వెనకున్న చిప్పు బతికుందో లేదో తీసి వేరే బోర్డుమీద పెడితేగాని తెలియదు. ఆ వేరే బోర్డులోనూ మూడు వోల్టుల చిప్పే పోయింది. ఈ రకం లాప్‌టాప్‌లకి అదే జబ్బు. అంటే నేను పాడుచేసిన పనినే ముందు సరిగ్గా చెయ్యాలి.

"ఈ బోర్డు పటం నా దగ్గర లేదు. దారులన్నీ మీకు కంఠతా వచ్చు. మీరు చెప్పండి, నేను చేస్తాను" అంది.

కూర్చున్నాను. చిప్పు ఏ కాలు నుంచి కరెంటు ఎక్కడికి పోతుందో చెప్పాను. ఎక్కడ ఎంత రావాలో చెప్పాను. ఆమె మీటరు పెట్టి అంకె చదివింది, నేను అవునో కాదో అన్నాను. పాత చిప్పు తీసింది. చోటు నున్నగా చేసింది. కొత్తదాన్ని పటకారుతో పట్టుకుని ఆగింది.

"చుక్క ఎటు?"

ఆమెకి తెలుసు. ఆమెకి కనిపిస్తోంది. అయినా నా నోటితో చెప్పించింది.

"కాయిలు వైపు. పై మూల."

పెట్టింది. వేడిగాలి పట్టింది. చిప్పు ఒక్కసారి కదిలి, తనంతట తనే చోట్లో సర్దుకుని కూర్చుంది. ఆ కదలిక చూసి కాదు, ఆమె ఊపిరి వదిలిన తీరు విని తెలుసుకున్నాను. కరెంటిస్తే మూడు వోల్టులూ నిలకడగా వచ్చాయి.

ఫైళ్ళ చిప్పు మార్చడానికి మధ్యాహ్నమంతా పట్టింది. అన్నానికి లేవలేదు. నన్ను లేవమనలేదు, ఉండమనలేదు. నాలుగున్నరకి తెర వెలిగింది. వెలుగుతూనే ఏదో ఇంటి గుమ్మంలో తీసిన బేబింగ్ ఫొటో ఒకటి వచ్చింది. ఆమె పక్కన నుల్ఫో కాబోలు, నిలబడి ఉన్నాడు.

తాడు ఫొటోలు పదకొండున్నాయి. పెద్ద తెరమీద నాకూ కనిపించాయి. రిజిస్టరు పేజీ ఉంది. కింద సరంగు సంతకం ఉంది, చక్కటి చేతిరాత. నేను దాన్నే చూస్తూ ఉండిపోయాను.

రోవెలిన్ ఫైళ్ళన్నీ రెండు పెన్‌డ్రైవుల్లోకి ఎక్కించి, ఒకటి నా చేతిలో పెట్టింది. సోమవారం వాతావరణం బాగుంటుందట అంది.

జూలై 16, ఆదివారం

చర్చికి వెళ్ళాం. పాపాలు చెప్పుకునే వరుసలో నిలబడ్డాను. నా వంతు వచ్చింది. అబద్ధాలాడాను ఫాదర్ అన్నాను. చిన్నవా పెద్దవా అన్నాడు. చిన్నవే అన్నాను.

జూలై 17, సోమవారం

పడవెక్కాను. సముద్రం అద్దంలా ఉంది. 

బేబింగ్ ఇల్లు రేవునుంచి పదిహేను నిమిషాల దూరం. నన్ను చూడగానే మొహం వెలిగింది. దారి దొరికిందా మనోంగ్ అంది. పెన్‌డ్రైవు ఇచ్చాను. ముందు ఇది ఇవ్వకుండా మాట్లాడితే బాగుండేది. ఇచ్చాక ఆమె నా చేతులు రెండూ పట్టుకుని ఏడ్చింది, చెప్పడం ఇంకా కష్టమైంది. కాఫీ పెట్టింది. రొట్టె పెట్టింది. ఇవన్నీ అయ్యాక ఎలా చెప్పను అనుకున్నాను. ఇలాగే ఇంటికి పోవచ్చు కూడా అనుకున్నాను. అవును, అనుకున్నాను.

నుల్ఫో కిటికీ పక్కన మంచంమీద ఉన్నాడు. భుజాలు ఇంకా ఓడ పనివాడివే. కాఫీ తాగకుండా గ్లాసు పట్టుకున్నారేంటి మనోంగ్ అన్నాడు.

చెప్పాను. మొదటినుంచీ చెప్పాను. చుక్క కనబడకపోవడం, చిప్పు ఊడదీసి పారెయ్యడం, ఎవరో చెయ్యిపెట్టారనడం, రోవెలిన్‌తో బోర్డు లేదనడం, స్కూలు టీచరుతో అన్నమాట. బాగుచేసింది కూడా రోవెలినే అని చెప్పాను.

బేబింగ్ రొట్టె పళ్ళెం తీసి లోపల పెట్టింది. మళ్ళీ వచ్చి గుమ్మంలో నిలబడింది. ఆ పిల్లని అందరి ముందూ అన్నాను కదా అంది, నాతో కాదు, తనలో తనే. తర్వాత నావైపు తిరిగింది.

"నా చేతి మామిడిపళ్ళు తీసుకున్నారు మీరు."

తీసుకున్నానన్నాను.

 నుల్ఫో సరంగు గురించి చెప్పాడు. చెడ్డవాడు కాదట. ఓడమీద నుల్ఫోకి పని నేర్పింది అతనేనట. కొడుకు పుడితే పేరు పెట్టిందీ అతనేనట. ఆరోజు మోకాళ్ళనొప్పి వల్ల పైకెక్కలేక, ఎక్కకుండానే సంతకం పెట్టాడు. తెగాక భయపడి, నుల్ఫోనే తప్పుగా లాగాడని చెప్పాడు. ఒకసారి చెప్పాక ఇక దానిమీదే ఉన్నాడు. నుల్ఫో ఇంతవరకూ ఆ పేరు లేబర్ ఆఫీసులో చెప్పలేదట. ఫిర్యాదు కాగితంలో కంపెనీ అని మాత్రమే రాయించాడట.

"మోకాళ్ళు నొప్పిగా ఉన్నాయని ఒక్కమాట అనుంటే నేనెక్కి చూసేవాణ్ణి" అన్నాడు.

నేను కాఫీ గ్లాసు కింద పెట్టాను.

విచారణకి రావాలి మీరు అంది బేబింగ్. బోర్డు మీ దగ్గర ఎన్నాళ్ళుందో, ఏం జరిగిందో చెప్పాలి. లేకపోతే ఫొటోలు ఎక్కణ్ణుంచో తెచ్చి పెట్టామంటారు. వస్తానన్నాను.

జూలై 18

మెట్ల దగ్గర నిలబడి పిదోంగ్‌కి చెప్పాను. నాలుగు దుకాణాలవాళ్ళు విన్నారు. పిదోంగ్ చార్జర్ల వైర్లు చుడుతూ విన్నాడు. ఇప్పుడెందుకు మనోంగ్, స్కూలు పని మోలో పేటలో వేరేవాళ్ళకి నిన్ననే ఇచ్చేశారు అన్నాడు. ఆ మాట రోవెలిన్ దుకాణం దాకా వినబడింది. ఆమె బయటికి రాలేదు.

స్కూలుకి వెళ్ళాను. టీచరు మర్యాదగా విన్నాడు. కాగితాలమీద సంతకాలయిపోయాయి అన్నాడు.

జూలై 20

లూదింగ్‌కి చెప్పాను. కంటి ఆసుపత్రికి తీసుకెళ్ళింది. రెండు కళ్ళలోనూ పొర. ఆగస్టు తొమ్మిదిన ఒకటి తీస్తారు. ఇంత సులువైన పనికి ఇన్నాళ్ళు ఎందుకాగారని డాక్టరమ్మ అడిగింది. లూదింగ్ నావైపు చూసింది.  జీప్నీ బండి దిగేటప్పుడు, సీసాల మీద కాగితాలు అంటించాను, పెద్ద అక్షరాలతో అంది.

జూలై 24, సోమవారం

విచారణ గది మూడో అంతస్తులో. లిఫ్టు పాడైంది. నుల్ఫోని కుర్చీతో సహా బేబింగ్ తమ్ముడూ, ఇంకొకతనూ మోసుకుని వచ్చారు. నేను వెనక నడిచాను.

రోవెలిన్‌ని ముందు పిలిచారు. బోర్డు ఎలా చేతికొచ్చింది, చిప్పు ఎలా మార్చింది, ఫైళ్ళ తేదీలు ఏమిటి, అన్నీ చెప్పింది. తడుముకోలేదు. నా గురించి అడిగినదానికి మాత్రమే చెప్పింది, ఒక్క మాట ఎక్కువ చెప్పలేదు.

తర్వాత నన్ను పిలిచారు. కంపెనీ తరపు వకీలు చిన్నవాడు, మెత్తగా మాట్లాడాడు.

"బోర్డు మీ దగ్గర ఎనిమిది రోజులుంది. ఆ ఎనిమిది రోజుల్లో దాని గురించి మీరు అబద్ధం చెప్పారా?"

"చెప్పాను."

"ఎవరితో?"

బేబింగ్‌తో అన్నాను. రోవెలిన్‌తో, స్కూలు టీచరుతో అన్నాను. గుమాస్తా రాసుకుంటున్నాడు, నేను ఆగితే తలెత్తి చూస్తున్నాడు.

"మీ మంచిపేరు కాపాడుకోవడానికి అబద్ధమాడారు. ఇవాళ మాత్రం నిజం చెబుతున్నారని మేమెందుకు నమ్మాలి?"

నేను ఈ వారమంతా అనుకుని వచ్చిన మాటలు ఒక్కటీ గుర్తురాలేదు.

"నన్ను నమ్మక్కర్లేదు. నాకప్పటికి చుక్కే కనబడటం లేదు, ఫొటోల్లో తేదీలు నేనెలా మారుస్తాను? అది చేతనైనవాణ్ణయితే అసలు ఇదంతా జరిగేదే కాదు. పని చేసింది ఆ అమ్మాయి. ఆమె చెప్పింది నమ్మండి. ఆమె ఈ పనిలో ఎప్పుడూ అబద్ధమాడలేదు. ఆడింది నేను."

గదిలో ఎవరో దగ్గారు. వకీలు కూర్చున్నాడు. ఫొటోలు తీసుకుంటున్నామని అధికారి రాయించాడు. తీర్పు తర్వాత. ఎప్పుడో చెప్పలేదు.

చివర్లో నుల్ఫోని, ఇంకేమైనా చెబుతారా అని అడిగారు. అతను సరంగు పేరు చెప్పాడు. పూర్తి పేరు, ఊరితో సహా. చెప్పి కళ్ళు మూసుకున్నాడు.

వరండాలో కుర్చీ గోడవారగా పెట్టారు. మోసేవాళ్ళ కోసం ఎదురుచూస్తున్నాం. బేబింగ్ తమ్ముడొక్కడే వచ్చాడు, రెండోవాడు పనుందని వెళ్ళిపోయాడట. నుల్ఫో నన్ను దగ్గరికి రమ్మన్నాడు.

"చెప్పేశాక తేలికైందా మనోంగ్?"

అబద్ధం చెప్పాలనిపించింది. అతని కోసమే, మంచికే.

"లేదు" అన్నాను.

 "అయితే మా సరంగు చెప్పడానికి రాడులే" అన్నాడు. నవ్వబోయాడు, కాని నవ్వు రాలేదు.

నేను కుర్చీకి ఎడమ పక్క పట్టుకున్నాను. బేబింగ్ తమ్ముడు కుడిపక్క. మెట్లు చీకటిగా ఉన్నాయి, నాకు అంచులు తెలియడం లేదు. మొదటి మెట్టుకే కాలు తడబడింది, కుర్చీ ఒరిగింది. నుల్ఫో పిడికిలి బిగించాడు. ఒక్కమాట అనాలి. అందరూ ఉన్నారు. బేబింగ్ ఉంది.

"నాకు మెట్లు కనబడటం లేదు" అన్నాను.

రోవెలిన్ ముందుకొచ్చింది. కుర్చీ పట్టుకోలేదు, నా వైపు చూడలేదు. మాకు ముందు ఒక మెట్టు దిగి, వెనక్కి తిరిగి, నా పాదాల వంక చూస్తూ నిలబడింది.

"మెట్టు" అంది.

దిగాను.

"మెట్టు."

దిగాను.

అలా మూడంతస్తులూ చెబుతూనే వచ్చింది. మలుపు దగ్గర మలుపు అంది. వేరేమాట మాట్లాడలేదు. మళ్ళీ మాట్లాడుతుందో లేదో తెలియదు. కిందికొచ్చాక, అయిపోయింది, నేల అంది.